నార్వేలో అమ్మానాన్నలతో ప్రయాణం: ఫ్లోమ్ నుంచి కారా, బస్సా?

నమస్కారం. సెప్టెంబరు చివర్లో అమ్మానాన్నలను నార్వే తీసుకెళ్తున్నాను. ఓస్లో నుంచి బెర్గెన్ వైపు వెళ్లే రైలెక్కి, మిర్దాల్‌లో దిగి, ఫ్లోమ్ లోయలోకి వెళ్లే కొండ రైలు పట్టుకుంటాం. 20 కిలోమీటర్లలోనే 860 మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. కిటికీ పక్కన సీటు దొరికితే నాన్నకు అంతకంటే ఏమీ అక్కర్లేదు.

టెన్షన్ అంతా ఆ తర్వాతే. ఫ్లోమ్‌లో రెండు రోజులకు కారు తీసుకుని లార్డాల్ వెళ్దామంటే దారిలో 24.5 కిలోమీటర్ల సొరంగం ఉంది. లోపల మూడుచోట్ల నీలి దీపాలతో గుహల్లా వెడల్పు చేశారు, నిజమే. కానీ అమ్మకు లిఫ్ట్ తలుపు మూసుకుంటేనే ఊపిరాడదు, కళ్లు మూసుకుని నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంటుంది. సొరంగం తప్పించే కొండదారిని చలికాలంలో మంచు వల్ల మూసేస్తారు. సెప్టెంబరు చివరికి తెరిచే ఉంటుందా? ఆ ఇరుకు మలుపుల్లో, మనలా ఎడమవైపు అలవాటైనవాళ్లు కుడివైపు నడపగలరా? టోల్ దగ్గర కెమెరా నంబరు ప్లేటు ఫొటో తీస్తుంది కదా, అద్దె కారైతే ఆ డబ్బు ఎలా కట్టాలి?

లేదంటే ఫ్లోమ్ నుంచి గుద్వాంగెన్‌కు పడవ, అక్కడి నుంచి వోస్‌కు బస్సు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, రెండు పెద్ద సూట్‌కేసులు. పెద్దవాళ్లతో అలా వెళ్లినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.