రిమోట్ సర్వర్లలో యాక్సెస్ డినైడ్: మానిటరింగ్ అకౌంట్‌ను అడ్మిన్ చేసేయాలా, వద్దా?

నైట్‌షిఫ్ట్
అందరికీ నమస్కారం. మా విండోస్ సర్వర్లు డొమైన్‌లో (అకౌంట్లన్నీ ఒకేచోట ఉండే ఏర్పాటు) లేవు, వర్క్‌గ్రూప్‌లోనే ఉన్నాయి, అంటే ఏ సర్వర్ అకౌంట్లు ఆ సర్వర్‌లోనే. వాటి మీద నడిచే బిల్లింగ్ ప్రోగ్రామ్, దాని సర్వీసు ఆగిపోతే వెంటనే తెలియాలని ఇంకో మెషీన్ నుంచి డబ్ల్యూఎంఐతో (విండోస్ మెషీన్ వివరాలు దూరం నుంచి అడిగే ఏర్పాటు) చూస్తున్నాం. అందుకోసం ఒక లోకల్ యూజర్‌ని పెట్టాం. పింగ్ వెళ్తోంది, పాస్‌వర్డ్ సరైనదే, అయినా యాక్సెస్ డినైడ్. "అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో వేసేయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు మా లీడ్. నాకు మనసొప్పడం లేదు. చూసి చెప్పడమే పనిగా ఉన్న అకౌంట్‌కి సర్వర్‌నే ఆపేసే అధికారం ఎందుకు? మీరేమంటారు?

పాత_కాపు
తమ్ముడూ, మీ లీడ్ మాట కొట్టిపారేయకు. చిన్న టీముల్లో ఒక్కో సర్వర్‌లో ఒక్కో పర్మిషన్ మార్చినవాడు ఉద్యోగం మారిపోతాడు. తర్వాత వచ్చినవాడికి ఎక్కడ ఏం మార్చారో అంతుపట్టదు. కొత్త సర్వర్ పెట్టిన రోజున ఆ మార్పులు మర్చిపోతే అలర్ట్ రాదు, బిల్లింగ్ రాత్రంతా ఆగిపోయి ఉంటుంది. అడ్మిన్ ఇవ్వు, పాస్‌వర్డ్ పొడవుగా పెట్టు, ఆ అకౌంట్‌తో ఎవరూ డెస్క్‌టాప్‌లోకి లాగిన్ కాకుండా పాలసీలో అడ్డుకో. ఆచరణలో నిలబడేది అదే.

పోర్ట్135
అన్నా, నేను ఒప్పుకోను. సేఫ్టీ సంగతి తర్వాత, వాళ్ల సెటప్‌లో అడ్మిన్ చేసినా ఆ ఎర్రర్ పోదు. వర్క్‌గ్రూప్‌లో లోకల్ అడ్మిన్ అకౌంట్‌తో బయటి నుంచి కనెక్ట్ అయితే, యూఏసీ (అడ్మిన్ హక్కులకి కాపలా కాసే విండోస్ భాగం) ఆ లాగిన్ టోకెన్‌లోంచి, అంటే హక్కుల చీటీలోంచి, అడ్మిన్ హక్కుల్ని తీసేస్తుంది. మొదటి నుంచీ ఉండే బిల్ట్‌ఇన్ అడ్మినిస్ట్రేటర్‌కి మాత్రం మామూలుగా ఇది వర్తించదు. అప్పుడు జనం ఏం చేస్తారు? రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగ్‌లు దాచే చోటు) లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీని 1 చేసి, ఆ తీసేయడాన్ని ఆపేస్తారు. దాంతో ఆ మెషీన్‌లోని లోకల్ అడ్మిన్లందరికీ బయటి నుంచి పూర్తి దారి తెరుచుకుంటుంది. అన్ని సర్వర్లకీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే, ఒకదాని హ్యాష్ (పాస్‌వర్డ్‌కి బదులు మెషీన్ దాచుకునే రూపం) దొరికినవాడు మిగతావాటన్నిటిలోకీ వెళ్తాడు. ఒక్క అలర్ట్ కోసం ఇంత ఇవ్వాలా?

నైట్‌షిఫ్ట్ గారూ, ముందు ఎర్రర్ కోడ్ చూడండి. యాక్సెస్ డినైడ్ అనే మాట ఒకటే అయినా దాన్ని అనేవాళ్లు వేరు. 0ఎక్స్800706బీఏ అయితే అది పర్మిషన్ సమస్యే కాదు, చాలావరకు ఫైర్‌వాల్. 135 పోర్ట్ ఒక్కటి తెరిస్తే చాలదు, ఆ తర్వాత సంభాషణ 49152 నుంచి 65535 మధ్య ఏదో ఒక పోర్ట్‌కి మారుతుంది. 0ఎక్స్80070005 అయితే డీకామ్ (డబ్ల్యూఎంఐ అడిగేదాన్ని నెట్‌వర్క్ మీద మోసే విండోస్ పొర) దగ్గరే ఆగింది, లేదా లాగిన్ పడలేదు. లాగిన్ సంగతి ఆ సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 ఈవెంట్ చెబుతుంది. 0ఎక్స్80041003 అయితే డీకామ్ దాటి లోపలికి వెళ్లారు, డబ్ల్యూఎంఐ నేమ్‌స్పేస్ (వివరాలు ఉండే అర) వద్దంటోంది. టూల్ కోడ్ చూపించకపోతే విండోస్‌లోనే ఉండే వెబ్‌ఎంటెస్ట్ (wbemtest) తెరిచి, అదే యూజర్‌తో ఆ సర్వర్ రూట్\సిమ్‌వీ2 నేమ్‌స్పేస్‌కి కనెక్ట్ అయి చూడండి. డబ్ల్యూఎంఐ యాక్టివిటీ ఆపరేషనల్ లాగ్‌లో 5858 ఈవెంట్ పడితే అందులో యూజర్, అడిగిన క్వెరీ, రిజల్ట్ కోడ్ మూడూ ఉంటాయి.

డీకామ్ దగ్గర ఆగితే ఆ యూజర్‌ని డిస్ట్రిబ్యూటెడ్ కామ్ యూజర్స్ గ్రూపులో వేయాలి, సీపీయూ, మెమరీ లాంటి కౌంటర్లు కూడా చదవాలంటే పెర్ఫార్మెన్స్ మానిటర్ యూజర్స్ గ్రూపులో. నేమ్‌స్పేస్ దగ్గర ఆగితే దాని సెక్యూరిటీ సెట్టింగ్‌లో ఎనేబుల్ అకౌంట్, రిమోట్ ఎనేబుల్ రెండూ టిక్ పెట్టాలి. టూల్ పాతదైతే ఇంకొకటి: 2023 మార్చి 14 అప్‌డేట్‌తో డీకామ్‌లో ప్యాకెట్ ఇంటెగ్రిటీ (దారిలో సందేశం మారలేదని చూసే రక్షణ) తప్పనిసరైంది. సిస్టమ్ లాగ్‌లో 10036 ఈవెంట్ కనిపిస్తే మార్చాల్సింది టూల్‌ని. ఆ అకౌంట్‌ని అడ్మిన్ చేసి లాభం లేదు.

పాత_కాపు
టోకెన్ సంగతి నిజమే, వర్క్‌గ్రూప్ అన్న మాట నేను పట్టించుకోలేదు. కానీ నువ్వు చెప్పినవన్నీ చేశాక కూడా ఆ యూజర్‌కి సర్వీసుల లిస్టు రాదు. అడ్మిన్ కాని వాళ్లకి సర్వీస్ కంట్రోల్ మేనేజర్ (సర్వీసుల్ని నడిపే విండోస్ భాగం) బయటి నుంచి తలుపు తీయదు. ప్రాసెస్‌లు కనిపించినా, వేరేవాళ్ల ప్రాసెస్‌లకి కమాండ్‌లైన్, ఫైల్ పాత్ ఖాళీగా వస్తాయి. ఒకే సర్వర్‌లో నాలుగు జావా ప్రాసెస్‌లు నడుస్తుంటే అందులో బిల్లింగ్‌ది ఏదో ఎలా చెబుతావ్?

తీరం_లినక్స్
అందుకే ఏజెంట్, అంటే ప్రతి సర్వర్‌లోనే ఉండి చూసే చిన్న ప్రోగ్రామ్, పెట్టుకోమంటాను. జాబిక్స్ అనే మానిటరింగ్ టూల్ ఏజెంట్ యాక్టివ్ మోడ్‌లో తనే లోపలి నుంచి మానిటరింగ్ సర్వర్ 10051 పోర్ట్‌కి కబురు పంపుతుంది. బయటివాళ్లకి ఆ మెషీన్ మీద ఏ హక్కూ అక్కర్లేదు, డీకామ్ ఊసే ఉండదు.

పాత_కాపు
మేడమ్, ఆ ఏజెంట్ విండోస్‌లో మామూలుగా లోకల్‌సిస్టమ్‌గా నడుస్తుంది. అది అడ్మిన్‌కి తక్కువేం కాదు. 2020లో సోలార్‌విండ్స్ ఒరాయన్ అప్‌డేట్‌లో దొంగకోడ్ చేరి, సుమారు 18,000 సంస్థలదాకా వెళ్లింది. అదీ మానిటరింగ్ సాఫ్ట్‌వేరే కదా. అధికారం ఒకచోట తీసి ఇంకోచోట పెట్టినట్టే.

తీరం_లినక్స్
ప్రమాదం ఉంది, కాదనను. కానీ ఏజెంట్ అన్ని మెషీన్లలో చెల్లే పాస్‌వర్డ్‌ని ఒకచోట దాచదు. మీ పద్ధతిలో మానిటరింగ్ సర్వర్ ఒక్కటి పడితే అన్ని సర్వర్ల తాళాలూ ఒకేసారి పోతాయి. ఆ తేడా నాకు చాలా పెద్దది.

నైట్‌షిఫ్ట్
వెబ్‌ఎంటెస్ట్‌తో చూశాను, 80041003 వచ్చింది. టిక్‌లు రెండూ పెట్టాక ప్రాసెస్‌లు వస్తున్నాయి. పాత_కాపు గారు చెప్పినట్టే సర్వీసుల లిస్టు మాత్రం ఖాళీ. ఎస్‌సీ ఎస్‌డీసెట్ అనే కమాండ్‌తో సర్వీస్ కంట్రోల్ మేనేజర్ పర్మిషన్ మార్చవచ్చని చదివాను. చేయవచ్చా?

పోర్ట్135
చేయవచ్చు, కానీ జాగ్రత్త. ఎస్‌డీసెట్ ఉన్నదానికి కలపదు, మొత్తం తీసేసి మీరిచ్చింది పెడుతుంది. ముందు, ఇప్పుడున్న పర్మిషన్లు చూపే ఎస్‌డీషో కమాండ్ ఇచ్చిన లైన్‌ని కాపీ చేసి దాచుకోండి. మీ యూజర్‌కి చదివే హక్కులు మాత్రమే అందులో కలిపి, టెస్ట్ మెషీన్‌లో చూశాకే మిగతావాటి మీద వేయండి. స్క్రిప్ట్‌గా రాసి పెట్టుకుంటే కొత్త సర్వర్ వచ్చినప్పుడు మర్చిపోతామన్న అన్నగారి భయం కూడా తీరుతుంది.

పాత_కాపు
ఆ స్క్రిప్ట్ నడపాల్సిన మనిషి సెలవులో ఉన్న రోజు కొత్త సర్వర్ వస్తే? నా మాట మీదే ఉన్నాను. ఒక్కటి మాత్రం మార్చుకుంటాను: వర్క్‌గ్రూప్‌లో ఆ రిజిస్ట్రీ విలువ 1 చేయమని ఇకమీద ఎవరికీ చెప్పను.