ఐబిస్ మోడల్‌లో రింగింగ్ ట్రాన్సిస్టర్ సిమ్యులేషన్‌తో ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న

1.8 వోల్టుల వేగవంతమైన అవుట్‌పుట్ బఫర్ ఒకదానికి ట్రాన్సిస్టర్ నెట్‌లిస్ట్ (సర్క్యూట్ భాగాలు, వాటి కలయికల జాబితా) నుంచి ఐబిస్ మోడల్ (లోపలి సర్క్యూట్‌కు బదులు బఫర్ వోల్టేజీ, కరెంట్ పట్టికలతో నడిచే మోడల్) తయారు చేశాను. మోడల్‌లో ప్యాకేజీ (చిప్ తొడుగు, దాని తీగల) విలువలను సున్నా చేసి, 50 ఓంల లోడ్‌తో పోల్చినప్పుడు తరంగం నెట్‌లిస్ట్ తరంగంతో అచ్చంగా కలిసింది. తరువాత ప్యాకేజీ విలువలు చేర్చి, సుమారు 75 మిల్లీమీటర్ల ట్రేసు (బోర్డు మీది రాగి దారి), చివర 5 పికోఫారడ్‌ల రిసీవర్ పెట్టగానే మోడల్‌లో ఓవర్‌షూట్ (తరంగం చివరి విలువను దాటిపోవడం) పెరిగిపోయింది, రింగింగ్ (ఆ తరువాతి ఊగులాట) కూడా ఆలస్యంగా చల్లారుతోంది. రిసీవర్ కెపాసిటెన్స్‌ను 2 పికోఫారడ్‌లకు తగ్గించినా, అంచు మీద ఉన్న ఒక చిన్న బుడిపె మాత్రం ఉన్నచోటు నుంచి కదలడం లేదు. లోపం ఎక్కడ వెతకాలి?

సమాధానం 1

పోలికలో ఉపయోగించిన నెట్‌లిస్ట్‌లో ప్యాకేజీ ఉందా? ఉంటే, ప్యాకేజీ లేని మోడల్ దానితో అచ్చంగా కలవడమే అనుమానించవలసిన విషయం. ఆ ప్యాకేజీ మీ వి-టి పట్టికల్లోకి, అంటే కాలంతో పాటు అవుట్‌పుట్ వోల్టేజీ ఎలా మారుతుందో చెప్పే పట్టికల్లోకి, చేరిపోయిందన్నమాట. గ్రౌండ్‌కు కట్టిన 50 ఓంల తరంగం నుంచి ఒక సమీకరణం, సరఫరాకు కట్టిన తరంగం నుంచి మరొకటి తీసుకుని, పుల్‌అప్, పుల్‌డౌన్ (అవుట్‌పుట్‌ను పైకీ, కిందికీ లాగే ట్రాన్సిస్టర్లు) ఏ క్షణంలో ఎంత తెరుచుకున్నాయో సిమ్యులేటర్ లెక్కగడుతుంది. పట్టికలోని బుడిపె ఇండక్టెన్స్ వల్ల వచ్చిందని దానికి తెలియదు. ట్రాన్సిస్టరే ఆ క్షణంలో ఎక్కువగా తెరుచుకుందని భావిస్తుంది, ఆపైన అదే ఇండక్టెన్స్‌ను మరోసారి కలుపుతుంది. లోడ్ మారినా కదలని బుడిపె లోడ్ వల్ల పుట్టినది కాదు. పట్టికలను డై ప్యాడ్ (సిలికాన్ ముక్క మీది అవుట్‌పుట్ బిందువు) దగ్గర, ప్యాకేజీ లేకుండా మళ్లీ తీయండి.

అడిగినవారు

అవును, నెట్‌లిస్ట్‌లో 5 నానోహెన్రీల ప్యాకేజీ ఉండిపోయింది. పట్టికలు మళ్లీ తీశాక బుడిపె పోయింది, ఓవర్‌షూట్ కూడా దగ్గరకు వచ్చింది. అయితే చివరి ఊపులు ఇంకా నెమ్మదిగానే చల్లారుతున్నాయి. వాటి మీద రంపపు పళ్ల వంటి సన్నని గీతలూ కనిపిస్తున్నాయి.

సమాధానం 2

ముందు ఆ రంపపు పళ్ల సంగతి చూడండి. సిమ్యులేటర్ ట్రెపిజాయిడల్ అనే గణన పద్ధతిలో లెక్క వేసేటప్పుడు, విలువ ప్రతి టైమ్ స్టెప్‌కూ పైకీ కిందికీ తిరగబడే కృత్రిమ రింగింగ్ వస్తుంది. స్టెప్‌ను సగం చేయండి: పళ్ల వ్యవధి కూడా సగమైతే అది సర్క్యూట్‌ది కాదు, లెక్కది. గియర్ అనే మరో గణన పద్ధతికి మారితే పళ్లు పోతాయి కానీ, ఆ పద్ధతి స్టెప్ పెద్దదైతే నిజమైన రింగింగ్‌ను కూడా అణిచివేస్తుంది కాబట్టి, దాన్ని నమ్మి ఫలితం బాగుందనుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ఇక మిగిలిన రింగింగ్ ఎవరిదో పౌనఃపున్యమే చెబుతుంది. 5 నానోహెన్రీలు, 5 పికోఫారడ్‌లు కలిస్తే సుమారు 1 గిగాహెర్ట్జ్ వస్తుంది. మీ ట్రేసులో ఒకవైపు ఆలస్యం సుమారు అర నానోసెకను. చివర తెరిచి ఉన్న లైను ఆ ఆలస్యానికి నాలుగు రెట్ల వ్యవధితో ఊగుతుంది కనుక 500 మెగాహెర్ట్జ్, రిసీవర్ కెపాసిటెన్స్ వల్ల ఇంకాస్త తక్కువ. డ్రైవర్ 20 ఓంలు, లైను 50 ఓంలు అనుకుంటే లైను చివరన మొదటి మెట్టు స్థిరపడే విలువకు 1.43 రెట్లకు లేచి, తరువాత 0.82కి దిగుతుంది. ఈ లెక్కను కాగితం మీద వేసుకోకుండా మోడల్‌ను నిందించకూడదు.

చల్లారడంలో తేడాకు నేను మొదట అనుమానించేది సి-కాంప్‌ను, అంటే బఫర్ అవుట్‌పుట్‌కు డై మీద సొంతంగా ఉండే కెపాసిటెన్స్‌ను. మోడల్‌లో అది నష్టంలేని స్థిర కెపాసిటర్. అసలు బఫర్‌లో అది వోల్టేజీని బట్టి మారుతుంది, దానికి వరుసలో కొంత రెసిస్టెన్స్ కూడా ఉంటుంది. తిరిగి వచ్చిన ప్రతిబింబంలో కొంత శక్తి ఆ రెసిస్టెన్స్‌లోనే ఖర్చవుతుంది. నెట్‌లిస్ట్‌లో సరఫరా, గ్రౌండ్ దారుల ఇండక్టెన్స్ కూడా ఉంటే, గ్రౌండ్ బౌన్స్ (స్విచింగ్ కరెంట్ వల్ల చిప్ లోపలి గ్రౌండ్ ఊగడం) వల్ల గేట్ డ్రైవ్ (ట్రాన్సిస్టర్‌ను తెరిచే వోల్టేజీ) తగ్గే ప్రభావం పాత తరహా పట్టికల్లో కనిపించదు. దానికి 2008లో వచ్చిన ఐబిస్ 5.0లోని కాంపోజిట్ కరెంట్ (సరఫరా నుంచి బఫర్ తీసుకునే కరెంట్), ఐఎస్‌ఎస్‌ఓ (సరఫరా, గ్రౌండ్ ఊగినప్పుడు అవుట్‌పుట్ కరెంట్ ఎలా మారుతుందో చెప్పే) పట్టికలు అవసరమవుతాయి.

అడిగినవారు

స్టెప్ సగం చేయగా పళ్ల వ్యవధి కూడా సగమైంది. ఊపుల పౌనఃపున్యం 500 మెగాహెర్ట్జ్‌కు కొద్దిగా తక్కువ, అంటే ఊగుతున్నది లైనే. నెట్‌లిస్ట్‌లో సరఫరాను ఆదర్శంగా ఉంచినా తేడా మారలేదు కాబట్టి, సి-కాంప్‌కు వరుసలో చిన్న రెసిస్టెన్స్ చేర్చి చూశాను. మూడో ఊపు నుంచి రెండు తరంగాలూ కలుస్తున్నాయి.