హైదరాబాద్ నుంచి డల్లాస్: అమ్మ ప్రయాణం అసలు ఎన్ని గంటలు?

ప్రశ్న: నమస్కారం అండి. జూన్‌లో మా అమ్మ డల్లాస్‌లో ఉన్న అన్నయ్య దగ్గరికి వెళ్తోంది. విమానం ఎక్కడం మొదటిసారి, అదీ ఒక్కతే. హైదరాబాద్‌లో 12వ తేదీ తెల్లవారుజామున 4కి బయలుదేరి, దుబాయ్‌లో మారి, అదే రోజు సాయంత్రం 4.30కి డల్లాస్‌లో దిగుతుందని టికెట్‌లో ఉంది. అంటే పన్నెండున్నర గంటలేనా? అమ్మకు షుగర్. టాబ్లెట్లు ఏ లెక్కన వేసుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: కాదండీ, మొత్తం 23 గంటలు. బయలుదేరే టైం మనది, దిగే టైం వాళ్లది. జూన్‌లో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అమ్మ అక్కడ దిగేసరికి మనకు 13వ తేదీ తెల్లవారుజామున 3 అవుతుంది. చలికాలంలో ఈ తేడా పదకొండున్నర.

గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం లాగి కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. దుబాయ్ మీదుగా అయితే 2,550, ఆపైన 12,900. మొదటిది దాదాపు 4 గంటలు, రెండోది 16 గంటలు. మధ్యలో దుబాయ్‌లో మూడు గంటలు ఆగాలి. తిరిగి వచ్చేటప్పుడు పైగాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్ దాకా గంటకు పైగా కలిసొస్తుంది.

ఇంకో జవాబు: అమ్మా, తేదీ ఒకసారి సరిచూసుకోండి. 12 తెల్లవారుజామున 4 అంటే 11 రాత్రి భోజనం చేసి శంషాబాద్‌కు బయలుదేరాలి. మా అమ్మ ప్రయాణానికి మేం ఒక రోజు తర్వాత వెళ్లాలనుకుని నిదానంగా బ్యాగులు సర్దుతున్నాం. పక్కింటి పిన్నిగారు టికెట్ చూసి, "వెళ్లాల్సింది ఈ రాత్రే కదే!" అనబట్టి బతికిపోయాం. వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగిపెట్టండి. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చాలా నడవాలి. వీల్‌చెయిర్ ఉంటే దారి వెతుక్కునే భయం కూడా ఉండదు.

ప్రశ్న వేసినవారు: చాలా థాంక్స్ అండి. మరి టాబ్లెట్ల సంగతి?

జవాబు: ఏ టాబ్లెట్ ఎన్ని గంటలకో డాక్టర్‌గారితోనే రాయించుకోండి. మందులు, ఆ చీటీ చేతిసంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో వద్దు. మా అమ్మ చేతి గడియారాన్ని డల్లాస్‌లో దిగేదాకా మార్చొద్దన్నాను. "మన టైం రాత్రి 8: భోజనం, తెల్ల టాబ్లెట్" అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి కళ్లద్దాల పెట్టెలో పెట్టాను. బయట ఎండ కాస్తున్నా ఆవిడ గడియారం చూసుకునే తిని, మందు వేసుకుంది. షుగర్ ఉన్నవాళ్ల భోజనం కావాలని కూడా ముందే చెప్పండి.

ప్రశ్న వేసినవారు: వీల్‌చెయిర్, భోజనం రెండూ చెప్పేశాను. మాకు 11 రాత్రి, అన్నయ్యకు 12 సాయంత్రం అని రాసి ఫ్రిజ్ మీద అంటించాను. అమ్మ అప్పుడే రెండుసార్లు చదువుకుంది.