అక్షరం అక్షరంగానా, మాట మాటగానా? తెలుగు టైటిల్ కదిలించడం మీద పేచీ

నాగావళి, రాయగడ:
ఇక్కడ ఒక పేచీ తెగడం లేదు. టైటిల్ “శ్రీ మజ్జిగౌరమ్మ ఉత్సవాలు”. తెలుగు పై వరస, ఒడియా కింది వరస. 12 సెకన్ల ప్రోమో, సెకనుకి 25 ఫ్రేములు. టైప్‌రైటర్ మాదిరి ఒక్కో అక్షరం పడితే డప్పు దెబ్బకి అతుకుతుందని ఒక పక్షం. తెలుగుకి ఆ పద్ధతే పనికిరాదు, మాట మాటగా రావాల్సిందేనని ఇంకో పక్షం. నాది మొదటి పక్షం. వీడియో ఎడిటింగ్‌కి ప్రీమియర్, అక్షరాలు కదిలించడానికి ఆఫ్టర్ ఎఫెక్ట్స్, ఈ రెండు సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కారణం చూపించి చెప్పండి, “బాగోదు” అంటే ఒప్పుకోను.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
కారణమే చెప్తాను. మన కంటికి ఆ టైటిల్లో ఖాళీలు కాక 10 అక్షరాలు. యూనికోడ్‌కి, అంటే కంప్యూటర్ అక్షరాలని దాచుకునే కోడ్‌కి, 23. “శ్రీ” ఒక్కదానికే 4: శ, పొల్లు, ర, దీర్ఘం. వాక్యాన్ని ఎడమ నుంచి కొంచెం కొంచెంగా కోసి చూపించే ఎక్స్‌ప్రెషన్ (ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రాసే చిన్న కోడ్) ఏదైనా ఈ 23నే లెక్కపెడుతుంది. తెర మీద ఏం కనిపిస్తుందో చూడండి: శ, శ్, శ్ర, శ్రీ. తర్వాత మ, మజ, మజ్, మజ్జ, మజ్జి. పొల్లు ఒకసారి మెరిసి మాయమవుతుంది, దాని కింద ఒత్తు పుడుతుంది, గుడి అందరికన్నా ఆఖర్న వచ్చి పై జ మీద కూర్చుంటుంది. మెట్టుకి 3 ఫ్రేములు అనుకుంటే మొత్తం 69 ఫ్రేములు, అందులో 39 సగం అక్షరాలే. ఒకటిన్నర సెకను పైన చూసేవాళ్ళకి తప్పు తెలుగు చూపిస్తున్నారన్నమాట.

పైగా వరసని మధ్యకి సర్ది పెడితే ప్రతి మెట్టుకీ వరసంతా ఎడమకి జరుగుతుంది. అది యానిమేషన్ కాదు, వణుకు.

నా ఓటు మాట మాటకే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టెక్స్ట్ లేయర్‌కి యానిమేట్ కింద ఓపాసిటీ (ఎంత కనిపించాలన్నది) చేర్చి 0 పెట్టండి. రేంజ్ సెలెక్టర్, అడ్వాన్స్‌డ్‌లో “బేస్డ్ ఆన్” దగ్గర వర్డ్స్ ఎంచుకోండి. స్టార్ట్ 0 నుంచి 100 శాతానికి, 25 ఫ్రేముల్లో. మాట టక్కున పడాలంటే స్మూత్‌నెస్ 100 ని 0 చెయ్యండి. మూడు మాటలు, మూడు దెబ్బలు. అయిపోయింది.

ఋషికుల్య, బరంపురం:
మహేంద్రతనయ గారూ, రోగం సరిగ్గానే పట్టారు గానీ మందు వేరే దానికి ఇచ్చారు. తప్పు అక్షరం అక్షరంగా రావడంలో లేదు, ఏది అక్షరమో సాఫ్ట్‌వేర్‌ని తేల్చమనడంలో ఉంది. మనమే తేలుద్దాం.

ప్రీమియర్‌లో టెక్స్ట్ లేయర్‌ని పట్టుకుని ఎఫెక్ట్ కంట్రోల్స్‌లో సోర్స్ టెక్స్ట్ పక్కనున్న గడియారం బొమ్మ నొక్కండి. సోర్స్ టెక్స్ట్ కీఫ్రేములు (ఏ ఫ్రేములో ఏం ఉండాలో పెట్టే గుర్తులు) మధ్యలో కరగవు, ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతాయి. మనకి కావలసింది అదే. 0వ ఫ్రేములో “శ్రీ” అని మాత్రమే ఉంచండి. 3లో “శ్రీ మ”, 6లో “శ్రీ మజ్జి”, 9లో “శ్రీ మజ్జిగౌ”, ఇలా 27వ ఫ్రేముకి “లు” పడుతుంది. 10 కీఫ్రేములు, 1.2 సెకన్లు. సగం అక్షరం ఒక్క ఫ్రేములో కూడా కనిపించదు. వణుకు పోవాలంటే ముందు పూర్తి టైటిల్ రాసి తెర మధ్యన కుదిర్చాక, సర్దుబాటు ఎడమకి మార్చి, జరిగిపోయిన దాన్ని మళ్ళీ మధ్యకి తెండి. కీఫ్రేములు దాని తర్వాతే. ఈ క్రమం తిరగేస్తే పది చోట్లా దిద్దుకోవాలి.

మొదలుపెట్టే ముందు ఇంకోటి. ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోమనే వెర్షన్ అయితే సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ పెట్టండి. అది లేకపోతే “జ్జి” కదలకముందే విడిపోయి ఉంటుంది, ఆ నింద యానిమేషన్ మీద పడుతుంది.

ప్రాణహిత, సిరొంచ:
మీరిద్దరూ తెలుగు వరకే చూస్తున్నరు. కింద ఇంకో భాష వరస ఉన్నదని నాగావళి గారు ముందే చెప్పిన్రు కదా. మా దిక్కు తెలుగు కింద మరాఠీ ఉంటది. తెలుగుల 10 అక్షరాలుంటే మరాఠీల 8 అయితయి, రెండు వరసలు ఒక్కసారి ముగియవు. మరాఠీ అక్షరాలని ఒక్కొక్కటి పైకి కిందికి కదిపినా, ట్రాకింగ్ (అక్షరాల నడుమ ఎడం) పెంచినా నెత్తి మీది గీత తెగుతది. తెగిన గీత ఊడిన పళ్ళ లెక్క కనిపిస్తది.

అందుకే అక్షరమూ వద్దు, మాటా వద్దు. వరసని ఎడమ నుంచి తుడిచినట్టు తెరువాలె. లీనియర్ వైప్ ఎఫెక్ట్, వైప్ యాంగిల్ మైనస్ 90, ఫెదర్ (అంచు మెత్తదనం) 60, ట్రాన్సిషన్ కంప్లీషన్ 100 నుంచి 0 కి, 20 ఫ్రేములు. ఒక చిక్కున్నది. ఆ శాతం తెర మొత్తానికి లెక్క, టైటిల్‌కి కాదు. టైటిల్ తెర వెడల్పుల 30 నుంచి 70 శాతం దాకా ఉంటే 100 నుంచి 70 వచ్చేదాకా ఏమీ కనిపించదు, చప్పుడు ముందు పోతది, అక్షరం ఎనుక వస్తది. 75 నుంచి 25 కి పెట్టుకోండి.

క్రాప్ గానీ మాస్క్ గానీ వాడెటోళ్ళకి: డబ్బా కింది అంచు అక్షరం అడుగుకి ఆనించకండి. ఒత్తుల కోసం ఫాంట్ సైజుల మూడో వంతు కిందికి దించండి. ఇంగ్లీషు టెంప్లేట్ తెచ్చి తెలుగు అతికించినప్పుడు “మ్మ” ఒత్తు సగానికి తెగేది గిందుకే.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
ఋషికుల్య గారి కీఫ్రేముల పద్ధతికి ఒప్పుకుంటాను, ఒక్క మాటకీ రెండు మాటలకీ. పెళ్ళి వీడియోలో 40 పేర్లు, ఇంటిపేర్లతో సహా? నాలుగొందల కీఫ్రేములు ఎవరు పెడతారండీ? కొట్టేవాళ్ళున్నా చదివేవాళ్ళకి ఓపిక ఉండదు.

పేర్ల జాబితా కింద నుంచి పైకి పాకడమే మేలు. అక్కడా ఒక లెక్కుంది. ముందు వ్యవధి పెట్టుకుని వేగం దానికి వదిలేస్తారు, అందుకే సన్నటి ఒత్తులు మినుకుమంటాయి. జాబితా ఎత్తు 2400 పిక్సెళ్ళు, తెర 1080. పాకాల్సిన దూరం 3480. 45 సెకన్లు అనుకుంటే ఫ్రేముకి 3.09 పిక్సెళ్ళు, ప్రతి గీతా రెండు పిక్సెళ్ళ నడుమ నలుగుతుంది. సరిగ్గా 3 పెడితే 1160 ఫ్రేములు, అంటే 46.4 సెకన్లు. సెకనున్నర పాట ఎక్కువ తీసుకోండి, పోయేదేముంది. మొదలూ చివరా ఈజ్ (వేగం మెల్లగా పెరగడం, తగ్గడం) పెట్టొద్దు.

వైప్ మాత్రం నాకు నచ్చదు, ప్రాణహిత గారూ. దుకాణం షట్టర్ పక్కకి లాగినట్టుంటుంది.

ప్రాణహిత, సిరొంచ:
ఫెదర్ 0 పెడితే షట్టరే. 60 పెట్టి చూసి చెప్పుండ్రి.

నాగావళి, రాయగడ:
మా దగ్గర మిగిలిపోయిన పాత ప్రాజెక్టులు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్నాయి. వాటికీ ఇదేనా? ఒడియా వరస సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు.

ఋషికుల్య, బరంపురం:
అను ఫాంట్లలో ఒత్తు ఒక విడి గుర్తు. పొల్లు మెరవదు గానీ ఒత్తు ఒక మెట్టు ఆలస్యంగా వచ్చి తగులుకుంటుంది. అక్షరాన్నీ దాని ఒత్తునీ ఒకే కీఫ్రేములో పెడితే సరి. కొత్త పని మాత్రం యూనికోడ్‌లోనే చెయ్యండి. లావు టైటిల్‌కి రామభద్ర ఫాంట్ బాగుంటుంది, చిన్న వరసకి మండలి.

ఒడియాకి టైప్‌రైటర్ ఇంకా గండం. అక్కడ ఏత్వం గుర్తు హల్లుకి ఎడమన కూర్చుంటుంది, కోడ్‌లో హల్లు తర్వాత వస్తుంది. అంటే హల్లు ముందు పడి, ఏత్వం రాగానే కుడికి గెంతుతుంది. మరాఠీలో హ్రస్వ ఇకారానిదీ అదే గెంతు. కాబట్టి పై వరసకి చేతి కీఫ్రేములు, ఒడియా వరస మాత్రం విడగొట్టకుండా మొత్తం 8 ఫ్రేముల్లో ఓపాసిటీతో తేల్చండి, 27వ ఫ్రేము దాటాక. డప్పు తెలుగుకి, సన్నాయి ఒడియాకి అనుకోండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
ఇంత తంటా పడే కన్నా వర్డ్స్ అని ఒక్కచోట నొక్కడం తేలిక అని ఇప్పటికీ అంటాను. కేడెన్‌లైవ్ ఎడిటర్ వాడేవాళ్ళకి టైప్‌రైటర్‌లోనే మాటవారీ, వరసవారీ అమరికలున్నాయి. సరే, పది అక్షరాలే కదా, కానివ్వండి. రెండర్ అయ్యాక బాణం మీటతో ఫ్రేము ఫ్రేముగా జరిపి 6వ ఫ్రేము దగ్గర ఆగండి. అక్కడ “మజ్” కనిపించిందంటే ఆ కీఫ్రేములో టైపు చెయ్యడం సగంలో వదిలేశారని.