డిశ్చార్జ్ ఆలస్యం: మ్యాప్ గీస్తే తగ్గుతుందా, మనుషుల్ని పెంచాలా?

బిల్లింగ్ ఉద్యోగి:
మా ఆసుపత్రిలో డాక్టరుగారు రౌండ్స్‌లో పొద్దున 10కి "ఇంటికెళ్లొచ్చు" అంటే, పేషెంట్ గేటు దాటేసరికి సాయంత్రం 4 అవుతోంది. దీనికి ప్రాసెస్ మ్యాప్, అంటే పని ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు వెళ్తుందో చూపే చార్టు, గీయాలన్నారు. విభాగాల హెడ్‌లు ఒక పూట కూర్చుని గీశారు. చార్టు నోటీసు బోర్డెక్కింది, టైమ్ మాత్రం తగ్గలేదు. డిశ్చార్జ్ సమ్మరీలు టైపు చేయడానికి ఇంకో ఇద్దరు కావాలి. డబ్బు వాళ్ల జీతాలకు పెట్టాలి గానీ బొమ్మలకు కాదని నా వాదన.

వార్డు నర్సు:
మీ బాధ నాకు తెలుసండీ, పేషెంట్ల వాళ్లతో మాటలు పడేది మనమే. కానీ మ్యాప్ దండగంటే ఒప్పుకోను. మా దగ్గరా మొదట మీటింగ్ రూములోనే గీశారు. అందులో "ఫైల్ బిల్లింగ్‌కు వెళ్తుంది" అని ఒక బాణం గుర్తు, అంతే. తర్వాత ఒకరోజు ఒక ఫైలు వెంట నేనే టైమ్ రాసుకుంటూ నడిచాను. సమ్మరీ మీద సంతకం 11:20కి అయింది. ఫైలు మాత్రం ఒంటిగంట దాకా నర్సింగ్ స్టేషన్ ట్రేలోనే ఉంది. వార్డుబాయ్ నాలుగైదు ఫైళ్లు పోగయ్యాక ఒకేసారి కిందికి తీసుకెళ్తాడు. అతన్ని అనడానికేం లేదు, ఒక్కో ఫైలుకీ లిఫ్ట్ దగ్గర ఎంతసేపని నిలబడతాడు? వాడని ఇంజక్షన్లు ఫార్మసీకి తిరిగివ్వడం కూడా సమ్మరీ వచ్చాకే మొదలుపెట్టేవాళ్లం. అవి జమ కానిదే ఫైనల్ బిల్లు రాదు. ఇప్పుడు మర్నాడు వెళ్తారనుకున్నవాళ్లవి ముందురోజు రాత్రే ఇచ్చేస్తున్నాం. కొత్తగా ఎవరినీ తీసుకోలేదు.

ఇలాంటి ప్రాసెస్ చార్టును, పని చేసే పద్ధతుల్ని పరిశీలించిన గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు పెట్టారు. అదే సంఘం 1947లో ఖాయం చేసిన ఐదు గుర్తుల్లో ఒకటి అచ్చంగా పని ఆగిపోవడానికే. మీ చార్టులో ఆ గుర్తు ఎన్నిచోట్ల ఉందో చూడండి.

ఇన్సూరెన్స్ డెస్క్:
క్యాష్‌లెస్ కేసుల (బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టేవాటి) సంగతి కూడా చూడాలి. డిశ్చార్జ్ రిక్వెస్ట్ అందిన 3 గంటల్లో కంపెనీ తుది ఆమోదం ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. ఆ లెక్క మొదలయ్యేది మనం పంపాకే కదా. మనం మధ్యాహ్నం 2కి పంపి, కంపెనీని తిడితే ఎలా?

బిల్లింగ్ ఉద్యోగి:
చూశానండీ. ఆగిన గుర్తు ఒక్కటీ లేదు. గీసినవాళ్లలో వార్డులో తిరిగేవాళ్లు కూడా ఎవరూ లేరు. రేపు నేనూ ఒక ఫైలు వెంట నడుస్తాను. టైపిస్టుల మాట మాత్రం వదలను. ఫైలు టైపింగ్ దగ్గరే ఎక్కువసేపు ఆగితే, ఆ నిమిషాల లెక్కే తీసుకెళ్లి యాజమాన్యం ముందు పెడతాను.