అప్‌డేట్: మంచుబొమ్మల జెల్లీ ఈసారి గట్టిపడింది

డాలస్‌లో మా క్రిస్మస్ విందుకు చేసిన నీలం జెల్లీ, తాజా అనాసముక్కలు వేశాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా నీళ్లలాగే మిగిలిందని మొన్న అడిగాను కదా. మీరన్నట్టు తప్పు అనాసదే. అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైము, జెల్లీని గట్టిపరిచే జెలటిన్ ప్రోటీన్‌ను ముక్కలు చేసేస్తుందట. ఈసారి డబ్బా అనాస వాడాను. డబ్బాలో పెట్టేటప్పుడే వేడిచేస్తారు కాబట్టి ఆ ఎంజైము పనిచేయదు. నాలుగు గంటల్లో గరిటె తడితే వణికేంత చక్కగా బిగిసింది.

జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది కాబట్టి, శాకాహారులకు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్ మరిగించి పోశాను. అది ఫ్రిజ్ ఎక్కకముందే గట్టిపడింది! తీరా పైన పెట్టబోయిన మార్ష్‌మాలో మంచుబొమ్మల్లోనూ జెలటిన్ ఉంటుందని చివర్లో గుర్తొచ్చి, వాళ్లకు కొబ్బరికోరు మంచే కురిపించాను.

కొబ్బరిపాల పొర వేడిగా పోయడంతో ఒక గ్లాసు మాత్రం మబ్బు పట్టింది. పిల్లలు ముందు దాన్నే ఎత్తుకుపోయారు.