యాడ్32ఆర్‌ఎమ్ అన్న పేరును తెలుగుల ఎట్ల విప్పి చెప్పాలె?

నల్లగొండ నుంచి:
ఎల్‌ఎల్‌వీఎమ్ కంపైలర్‌ల (ప్రోగ్రామును మెషిన్ కోడ్‌గ మార్చేది) ఎక్స్86 (ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్ల రకం) ఇన్‌స్ట్రక్షన్ల పేర్ల మీద తెలుగుల నోట్సు రాస్తున్న. 32 బిట్ల కూడికలైన యాడ్32ఆర్‌ఎమ్, యాడ్32ఎమ్‌ఆర్ తేడా ఒక్క వాక్యంల ఎట్ల చెప్పాలె? యాడ్32ఆర్‌ఐ8ల ‘ఐ’ అంటే ఇమ్మీడియట్. దాన్ని ‘తక్షణ విలువ’ అనొచ్చా?

మహబూబ్‌నగర్ నుంచి:
‘తక్షణ’ వద్దన్నా. కాలంతోటి దానికి సంబంధం లేదు. ఆ అంకె ఇన్‌స్ట్రక్షన్ బైట్లల్లనే ఉంటది, ‘లోపలి అంకె’ అంటే సరిపోతది.

ఇగ వరుస సంగతి. ‘ఆర్’ అంటే రిజిస్టర్, ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ చోటు; ‘ఎమ్’ అంటే మెమరీ. ఆర్‌ఎమ్ అంటే ‘రిజిస్టర్‌కు మెమరీలది కలుపు’, ఎమ్‌ఆర్ అంటే ‘మెమరీకి రిజిస్టర్‌లది కలుపు’. మన మాటల ‘కు’ ఉన్నది కాబట్టి ‘మెమరీలది రిజిస్టర్‌కు కలుపు’ అని తిప్పి చెప్పినా అర్థం మారదు. ఈ పేర్లల్ల విభక్తి లేదు, వరుసే ఆ పని చేస్తది. యాడ్ లాంటి వాటిల మొదటి అక్షరం ఫలితం చేరే చోటు. నోట్సుల ప్రతి పేరు పక్కన ‘కు’ పెట్టిన వాక్యం ఒకటి రాయండి. ఏటీ అండ్ టీ పద్ధతిల అసెంబ్లీ (ఇన్‌స్ట్రక్షన్లను అక్షరాలల్ల రాసే రూపం) చూసే పిల్లలకు ఇది మరీ అవసరం, అండ్ల మూలం ముందు వస్తది, గమ్యం తర్వాత.

‘ఎమ్’ ఒక్క అక్షరమే గని, కంపైలర్ కోడ్‌ల అది ఐదు ఆపరాండ్లు (ఇన్‌స్ట్రక్షన్‌కు ఇచ్చే విలువలు), అన్నీ కలిసి మెమరీ అడ్రస్ చెప్తయి: బేస్, స్కేల్, ఇండెక్స్, డిస్‌ప్లేస్‌మెంట్, సెగ్మెంట్. యాడ్32ఎమ్‌ఆర్‌ల కలిపే రిజిస్టర్ ఆపరాండ్ 1 కాదు, సున్నా నుంచి లెక్కపెడితే 5. పేరు చూసి 1 అని రాస్తే చేతికొచ్చేది స్కేల్.

మిర్యాలగూడ నుంచి:
యాడ్32ఆర్‌ఐ8ల చివరి 8 గురించి గూడ రాయండి సార్. ఈసీఎక్స్ అనే రిజిస్టర్‌కు 5 కలపాలంటే ఆర్‌ఐ8 రూపం 3 బైట్లు (హెక్స్‌ల 83 సీ1 05), మామూలు ఆర్‌ఐ 6 బైట్లు. ఆ 8 బిట్లకు ప్లస్-మైనస్ గుర్తు ఉంటది, -128 నుంచి 127 దాకనే పడుతది. 200ను అండ్ల కుక్కితే ప్రాసెసర్ -56 అని చదువుతది.

నల్లగొండ నుంచి:
మరి యాడ్32ఆర్‌ఆర్ ఉండంగ యాడ్32ఆర్‌ఆర్_రెవ్ ఎందుకున్నది? పని ఒక్కటే గదా?

మహబూబ్‌నగర్ నుంచి:
పని ఒక్కటే, బైట్లు వేరు. ఈసీఎక్స్‌కు ఈబీఎక్స్ కలపడాన్ని 01 డీ9 అని రాయొచ్చు, 03 సీబీ అని గూడ రాయొచ్చు. కోడ్ పుట్టించేటప్పుడు కంపైలర్ మొదటిది వాడుతది. ఇంకో అసెంబ్లర్ 03తోటి రాసిన ఫైలును డిస్‌అసెంబ్లర్ (బైట్లను మళ్ల ఇన్‌స్ట్రక్షన్లుగ చూపేది) చదవాలంటే రెండోదానికీ పేరు ఉండాలె. ‘రెవ్’ను ‘తిరగేసిన కూడిక’ అని మాత్రం రాయకండి, తిరగబడ్డది కూడిక కాదు, బైటుల రిజిస్టర్ల చోట్లు.

వనపర్తి నుంచి:
వెక్టర్ (ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసే) ఇన్‌స్ట్రక్షన్ల పేర్లల్ల ‘జెడ్’ చూసి 512 బిట్లనుకుంటరు. వీయాడ్‌పీఎస్‌జెడ్‌ఆర్‌ఆర్ 512 బిట్లదే, గని జెడ్128ఆర్‌ఆర్ 128 బిట్లది. జెడ్ చెప్పేది ఈవెక్స్ ఎన్‌కోడింగ్ (బైట్లల్ల రాసే పద్ధతి) అని, అంటే ముందు 4 బైట్ల ప్రిఫిక్స్. జెడ్ లేని వీయాడ్‌పీఎస్‌ఆర్‌ఆర్ గూడ 128 బిట్లదే, వెక్స్ అనే ఇంకో ఎన్‌కోడింగ్‌ది, ప్రిఫిక్స్ 2 లేదా 3 బైట్లు. ఎక్స్ఎమ్ఎమ్16 నుంచి 31 దాక రిజిస్టర్లు కావాలంటే జెడ్128 తప్పదు.